ఒకవైపు అంటాలి

గోడకి చెవులుంటాయంటారు.
కడుపు కూడా ఉంటుందని
అక్రింగ్టన్‌లో ఈ పనిలో చేరాకే తెలిసింది నాకు.
రెండు వరసల ఎర్ర ఇటుక,
మధ్యన మూడువేళ్ళ వెడల్పు చీకటి,
ఎనభై తొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడని గాలి.

ఫిబ్రవరి పొద్దున ఎదురు పేవ్‌మెంట్ మీద నిలబడి
వేడిని చూసే కెమెరా ఎత్తాను.
కిటికీ కింద పసుపు, చూరు కింద నారింజ.
అల్మా ఎంట్విసిల్ గారి గ్యాసు బిల్లు
చెప్పులు తొడుక్కుని వీధిలోకి నడిచి వచ్చేస్తోంది.

ఎనభై ఒక్కేళ్ళు ఆమెకు. టీ తెచ్చింది.
"ఏం పోస్తావు లోపల?"
అరచేతిలో చూపించాను:
ఆవగింజకన్నా కాస్త పెద్దవి, బూడిదరంగు పూసలు,
ఊపిరి తగిలితే లేచిపోతాయి.
"రేపెవరైనా ఈ గోడకి కిటికీ పెడితే?
జలజలా రాలిపోవూ?"

బొటనవేలంత రంధ్రం, అందులో గొట్టం,
గొట్టం చివర జిగురు తుంపర.
పూసని పూస పట్టుకుంటుంది,
అయినా సందులు మిగులుతాయి, తడి కిందికి దిగేందుకు.
వేడిని ఆపేది పూస కాదండీ, అన్నాను,
దాని పొట్టలో కదలకుండా కూచున్న గాలి.

"జిగురా!" అని పగలబడి నవ్వింది.
"నలభై ఏళ్ళు నా తిండి అదే."

కాలవ పక్క షెడ్డు. ఇప్పుడక్కడ జిమ్ము.
రొట్టెల ఫ్యాక్టరీలకి రోలర్లు పంపేవాళ్ళు,
పిండి అంటుకోని పూత వేసి.
పిండికి అంటకూడదు,
ఇనుముకి మాత్రం చచ్చినా ఊడకూడదు.
ఒకే పొర, రెండు స్వభావాలు.
మా ఇంట్లో పెనం గుర్తొచ్చింది నాకు,
మొదటి దోసెని ఎప్పటికీ వదలనిది.

మూడు వారాలకే ఎండకి కాలిన చర్మంలా
పెచ్చులూడేదట వాళ్ళ పూత.
అందరూ జిగురు పెంచమన్నారు.
ఆమె రాత్రి షిఫ్టులో ఇసక తుపాకీ పట్టుకుని
ఇనుముని ముందు గరుకు చేసింది.
"నున్నటిదాన్ని ఏదీ పట్టుకోదు, నాయనా,
ముందు కొంచెం గీసుకుపోవాలి."
తరవాత ఒకటి కాదు, ఐదు పూతలు:
అడుగున నిండా పట్టు, పైన నిండా జారుడు,
నడుమ చిటికెడు చిటికెడుగా మార్చుకుంటూ.
"ఏ పొర దగ్గర మనసు మారిందో
ఇనుముకీ తెలియదు, పిండికీ తెలియదు."

పేటెంటు మీద ఇద్దరు మగాళ్ళ పేర్లు.
ఆమెకి కేకు ఇచ్చారు.
"దాని మీద క్రీము కూడా ఊడిపోయింది," అంది.

గోడలోకి సన్నని కెమెరా దించితే
ఇనప కమ్మీ మీద గట్టిపడ్డ సున్నపు ముద్ద,
దానిలో ఎవరిదో బొటనవేలి గుర్తు.
చలి దాటొచ్చే వంతెన అది. కొట్టి రాల్చాలి.
ఇద్దరం చాలాసేపు చూశాం.
తరవాత రాల్చాను.

మధ్యాహ్నమంతా మిషను రొద.
గోడ లోపల వాన కురిసినట్టు చప్పుడు.
తడితే డొల్లగా మోగిన ఇటుక
సాయంత్రానికి మెత్తగా, తిన్నవాడిలా పలికింది.

కాగితం మీద సంతకం పెట్టబోయి ఆగింది.
కంపెనీ పేరుంది, గ్యారంటీ నెంబరుంది,
వ్యాను నెంబరు కూడా ఉంది.
"చేసినవాడి పేరేదీ?"
గడి లేదండీ, అన్నాను.
"నీ పేరు చెప్పు."
కోటయ్య. ముఠాలో అందరూ కోట్ అంటారు.
కళ్ళజోడు సవరించుకుని ఆమె అంచున రాసింది,
మా ఇంగ్లీషు పూతల డబ్బా మీద ఉండే స్పెల్లింగుతో.

దిద్దలేదు నేను.